పన్నెండో మచ్చు

రెండువేల మూడులో, ఆయుధపూజ అయిన తొమ్మిదో రోజున, తళిలోని పూలతోట జీపు హోసూరు దగ్గరి అత్తిముగం ఊరికి వచ్చి శేషప్ప కొలిమి ముందు ఒక గోనెసంచి దించింది. సంచిలో పదకొండు మచ్చులు, కొస ముక్కులా వంగిన కత్తులు. నీలగిరి కట్టెలు కొట్టి మొన చెక్కడానికని పూజకు నాలుగు రోజుల ముందు చేసి ఇచ్చినవే. ఇప్పుడు ఒక్కోదాని వాదర, పదునుండాల్సిన అంచు, పళ్ళూడిన ముసలమ్మ నోరులా ఉంది. డ్రైవరు ఒక చీటీ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అందులో రెండే ముక్కలు: ఇవి పనికిరావు, మిగతా నలభై చేయవద్దు.

శేషప్ప ఒక మచ్చు తీసుకుని వాదరను వేలితో తడిమాడు. కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది, చూపు కంటే వేలే నయం. ఆ పొర వల్లే కదా, ఇనుము కాల్చి సాగగొట్టడం ఆయన చేస్తున్నా, నీళ్ళు పెట్టే పని భార్య వెంకటలక్ష్మమ్మకు వచ్చింది! ఎర్రగా కాలిన వాదరను నీళ్ళ తొట్టిలో ముంచి తీస్తే, మచ్చు వెన్నులో మిగిలిన వేడికి దాని మీద రంగులు పాకుతాయి. మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఆపైన నీలం. ఏ రంగు దగ్గర మళ్ళీ ముంచి ఆపాలో తెలిసినవాడే కమ్మరి. తొందరపడితే వాదర పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి మడుచుకుంటుంది. పెళ్ళైన నాటి నుంచీ తిత్తి ఊదుతూ ఆ రంగులు చూసిన మనిషి ఆమె. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కళ్ళున్నాయి, చూసింది, వచ్చింది.

ఇది ఊళ్ళో చాలామందికి మింగుడుపడలేదు. మరిది శివప్పకైతే మరీను. హోసూరులో కొలిమి పెట్టుకున్న ఆయన, కబురు తెలిసీ తెలియగానే బస్సెక్కి వచ్చాడు. మంచి కబురైతే ఇంత తొందరగా వచ్చేవాడా?

"నేను అప్పుడే చెప్పినా కదన్నా! ఆడది నీళ్ళు పెడితే ఇనుము అలుగుతుందని. మన తాత కాలం నుంచి తొట్టి కాడికి ఆడవాళ్ళని రానిచ్చినారా?"

"నేను తిత్తి ఊదితే అలగని ఇనుము, నీళ్ళకాడ మాత్రం ఏంటికలుగుతుందప్పా?" అంది వెంకటలక్ష్మమ్మ.

శివప్ప ఆమెకు కాక అన్నకే జవాబు చెప్పాడు. "ఆ నలభై నాకిప్పించు. పేరన్నా నిలుస్తుంది."

శేషప్ప తల దించుకుని, "కొన్నాళ్ళు తొట్టి కాడికి పోవద్దులే లక్ష్మమ్మా," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. మరిది మాటకు కాదు, అతని నోటి తీరు తెలిసిందే. మొగుడి మాటకు మండింది. ఈ రోజు తొట్టి వదిలితే మళ్ళీ ఆ దరిదాపులకు ఎవరూ రానివ్వరు. చేతికి వచ్చిన విద్య చేతిలోనే చచ్చిపోతుంది. ఏడుపొచ్చింది కానీ, శివప్ప ముందు ఏడవడం కంటే నిప్పు మింగడం మేలనుకుని, మచ్చులన్నీ నేల మీద వరసగా పరిచి వాటి ముందు కూర్చుంది.

వాదర దెబ్బతింటే ఎలా దెబ్బతిన్నదో అదే చెబుతుంది, అడిగే ఓపిక ఉండాలంతే. కట్టె కొట్టే మచ్చు నడుమ అరుగుతుంది. ఇవి పదకొండూ ముక్కుకు నాలుగు వేళ్ళ ఇవతల, ఒక్క చోటే విరిగాయి. నీళ్ళు ఎక్కువై పెళుసైన వాదర గాజుపెంకులా తెగి ఊడుతుంది. ఇది అలా కాదు, ముందు నలిగి, తరువాత విరిగింది. కట్టె ఎంత గట్టిదైనా ఇనుమును నలపదు. రాయి నలుపుతుంది.

"పన్నెండు ఇచ్చినాము," అంది ఉన్నట్టుండి. "పదకొండే వచ్చినాయి. ఇంకోటి యాడ?"

మర్నాడు పొద్దున్నే సంచి కట్టి, శేషప్పను వెంటబెట్టుకుని తళి బయలుదేరింది. తమాషా చూద్దామని శివప్పా బస్సెక్కాడు.

తోట మేనేజరు ఉదయ్ కుమార్ మర్యాదస్థుడే. కుర్చీ వేయించి, "ఏం లాభమమ్మా, కట్టెకు ఆగని మచ్చు ఏం చేసుకోవాల?" అన్నాడు.

"పన్నెండోది చూపించండి సార్."

పన్నెండోది కదిరప్ప అనే పనివాడి దగ్గర ఉంది. తెచ్చి చూపించాడు. వాదర మీద గీత లేదు! తొమ్మిది రోజులుగా అదే నీలగిరి కట్టెను కొడుతున్నాడు.

"అన్నీ ఒక్క రోజే చేసినాము, ఒక్క తొట్టిలోనే ముంచినాము. అందరి మచ్చూ విరిగితే నీదెట్ల నిలిచిందప్పా? వాళ్ళు చేసి, నువ్వు చెయ్యని పనేంది?"

కదిరప్ప బుర్ర గోక్కున్నాడు. "అందరం ఒకే పనమ్మా. నాకు వేరే ఏమీ... ఆఁ, పూజకు మాత్రం నేను రాలేదు. మా చిన్నాయన పోయినాడు, మైల."

"పూజలో ఏం చేసినారు?"

చుట్టూ మూగిన మిగతా పదకొండు మంది పనివాళ్ళూ మేనేజరు మొహం చూశారు. ఉదయ్ కుమార్ మెల్లగా చెప్పాడు. తోటకు అది మొదటి ఆయుధపూజ. ఘనంగా ఉండాలని మనిషికొక బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. మచ్చులకు కుంకుమ పెట్టి, కొత్త మచ్చుతోనే దిష్టి తీస్తే మంచిదని, తనే దగ్గరుండి కొట్టించాడు.

"యాడ పెట్టి కొట్టినారు సార్?"

ఆయన పంపుషెడ్డు వైపు చెయ్యి చూపించాడు. గడప ముందు ఏనుగు వీపంత నల్లరాతి బండ. దాని మీద పదకొండు తెల్లటి గాట్లు, పక్కన ఎండిన గుమ్మడి గింజలు.

వెంకటలక్ష్మమ్మ నవ్వాపుకోలేకపోయింది. "గుమ్మడికాయ రెండు ముక్కలైతే మచ్చు ఆడనే నిలుస్తుందా సార్? దేవుడి పేరు చెప్పి బండను నరికినారు! విరిగిన వాదరతో కట్టె కొట్టినారు, ఇంకా విరిగింది. నింద నా నీళ్ళకొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

అంతటితో ఊరుకోలేదు. కదిరప్ప మచ్చు అందుకుని, కొంగు దోపి, ఎండిన నీలగిరి దుంగను ఎంచుకుని మరీ కొట్టింది. కణుపు మీదే కొట్టింది. చెక్కలు లేచి శివప్ప చెప్పుల దగ్గర పడ్డాయి. ఇరవై దెబ్బలకు దుంగ రెండయింది. వాదరను ఆమె చూడనైనా చూడకుండా మేనేజరు చేతికిచ్చింది. ఆయన బొటనవేలు గోటి మీద ఆనించి చూసి, ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. గోరు లేచింది.

"మరి ఈ పదకొండూ పారెయ్యాల్నా? ఈడ కరెంటు సానరాయి ఉంది," అన్నాడు.

"దానికి పెట్టొద్దు సార్, వేడికి నేను పెట్టిన నీళ్ళు పోయి వాదర మెత్తబడుతుంది. చేతి సానకు తడి ఆరకుండా తీస్తే, రెండు గోళ్ళ మందం పోయి మంచి ఇనుము వస్తుంది. ఒకటి ఇప్పుడే చూపిస్తాను."

చూపించింది. అది కూడా కణుపు నరికాక ఉదయ్ కుమార్ శేషప్ప వైపు తిరిగాడు. "తప్పు నాదే. నలభై చెయ్యండి శేషప్పా, ఎప్పటికి ఇస్తారు?"

శేషప్ప పొర కమ్మిన కళ్ళతోనే భార్య ఉన్న వైపు తిరిగాడు. తమ్ముడు పక్కనే ఉన్నాడని తెలుసు. గొంతు పెంచి మరీ అన్నాడు.

"నన్నడగొద్దు సార్. నేను కొట్టేవాణ్ణే. నీళ్ళు పెట్టేది ఆమె. ఎప్పుడిస్తుందో ఆమెనే అడగండి."

వెంకటలక్ష్మమ్మకు కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. ఇప్పుడు ఎవరు చూస్తే ఏం?

"నెల పడుతుంది సార్," అంది. "వచ్చే పూజకు మాత్రం గుమ్మడికాయను చేత్తోనే నేలకేసి కొట్టండి."

పదకొండు మందీ ఒక్కసారి నవ్వారు, మేనేజరూ నవ్వాడు. సానపట్టవలసిన పది మచ్చుల సంచిని బస్టాండు దాకా శివప్ప మోశాడు. మొయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు.