పది లెక్కపెట్టేలోపు

"నీకు మాట్లాడటం నేర్పడానికి కంపెనీ రెండు రోజులు క్లాసు పెట్టిందా? మాట్లాడటం ఆపడం నేర్పిస్తానంటే ఫీజు నేనే కట్టేవాణ్ణి!"

నేను మడతపెట్టిన బట్టల అడుగునుంచి తన చొక్కా లాక్కుంటూ అన్నాడు మా ఆయన. బట్టలన్నీ పక్కకి ఒరిగి కూలిపోయాయి. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన జోకు వేశాక ఎవరూ నవ్వకపోతే, ఆ ఖాళీ ఎందుకో నాకే బరువుగా ఉంటుంది. నవ్వేసి, మళ్ళీ మొదటినుంచి మడతలు పెట్టాను.

నిజానికి ఆ క్లాసుకి వెళ్ళాల్సింది మా మేనేజరు. మేం హోటళ్ళకి తువ్వాళ్ళు తయారుచేసి వేరే దేశాలకి పంపుతాం. అక్కడివాళ్ళతో ఎలా మెలగాలో నేర్పే శిక్షణ అది. "పదిహేనేళ్ళ అనుభవం నాది, నాకేం నేర్పుతారు? నువ్వెళ్ళమ్మా, బిస్కెట్లు బాగుంటాయట," అన్నాడు. ఏ ఆర్డరు ఎప్పుడు నేతకి వెళ్ళాలి, ఎప్పుడు కుట్టుకి, ఎప్పుడు ప్యాకింగుకి అని రోజులు లెక్కగట్టి రాయడం నా పని. మీటింగుల్లో ఆయన పక్కన కూర్చుని నోట్సు రాస్తాను. టీలు కూడా నేనే పురమాయిస్తాను.

బిస్కెట్లు మామూలుగానే ఉన్నాయి. పాఠం చెప్పినావిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. ముప్పై ఏళ్ళు ఓడల కంపెనీలో చేసిందట. కొందరు చెడ్డకబురు ముందే చెప్పేస్తారు, దాన్ని కోపం అనుకోవద్దంది. కొందరు పని మాట ఎత్తేముందు పిల్లాపాపల గురించి అడుగుతారు, దాన్ని కాలక్షేపం అనుకోవద్దంది. తర్వాత చెప్పింది మాత్రం నా కోసమే చెప్పినట్టుంది: "కొందరు మీరు చెప్పింది విని, కాసేపు మాట్లాడరు. ఆలోచించి జవాబివ్వడం వాళ్ళ మర్యాద. మనమేమో ఒప్పుకోవడం లేదనుకుని, కంగారుపడి ఏదో ఒకటి ఇచ్చేస్తాం."

నాకు మా మేనేజరు కళ్ళముందు కనిపించాడు. నలభై అయిదు రోజులు పడుతుందని నేను రాసిస్తాను. ఆయన ఆ అంకె చెప్తాడు. అటువైపు నిశ్శబ్దం. "పోనీ ముప్పై అయిదు... సరే, ముప్పై!" ఎవరూ అడగరు. ఆయనే దిగిపోతాడు. ఆ తగ్గిన రోజులు ప్యాకింగు హాల్లో ఆడవాళ్ళ ఆదివారాల్లోంచి వస్తాయి. "మా పిల్లలు నా మొహం మర్చిపోతారేమోనని ఇంట్లో ఫోటో పెట్టొచ్చాను తల్లీ," అంటుంది అక్కడి పెద్దక్క. అందరూ నవ్వుతారు, చేతులు మాత్రం ఆగవు. అంత చేసినా సరుకు ఆలస్యంగానే వెళ్తుంది.

తర్వాత ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఒక మాట చెప్పి, మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పొద్దంది ఆవిడ. నేను నాలుగు దాటలేకపోయాను.

"నాలుగు దగ్గర ఏమవుతోందమ్మా మీకు?"

"లేవబుద్ధవుతోందండీ. ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా ఉంటే, లేచి ఏదో ఒకటి తెచ్చిస్తాను. మంచినీళ్ళో, టీయో."

గదంతా నవ్వింది. ఆడవాళ్ళు ముందు ఆపారు.

"సరే. ఈసారి కుర్చీ పట్టుకుని లెక్కపెట్టండి," అంది ఆవిడ.

వారం తిరక్కుండానే పెద్ద ఆర్డరు మీటింగు వచ్చింది, కంప్యూటరు తెర మీద. అవతల కళ్ళజోడు పెట్టుకున్న కొనుగోలు అధికారిణి. క్లాసుకెళ్ళొచ్చింది నువ్వేగా అని నన్ను తెర ముందు కూర్చోబెట్టి, మేనేజరు నా పక్కన, తెరకి కనపడకుండా కూర్చున్నాడు. ఆవిడ నన్నే అడిగింది, షెడ్యూలు రాసేది మీరేగా, ఎన్ని రోజులు పడుతుందని.

"నలభై అయిదు," అన్నాను.

ఆవిడ తల దించుకుని ఏదో చూస్తోంది. ఒకటి, రెండు. మేనేజరు కుర్చీ కిర్రుమంది. నేను మైకు ఆపేశాను.

"ఏదో ఒకటి అనవేంటమ్మా! ముప్పై అను! ఆర్డరు పోతుంది!"

ఆరు. ఏడు. నిజంగానే పోతే? పద్నాలుగేళ్ళ నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోవచ్చు. కుర్చీ అంచు పట్టుకున్నాను. తొమ్మిది. పది. పది తర్వాత ఏం చేయాలో క్లాసులో చెప్పలేదు. పదకొండు.

ఆవిడ తలెత్తింది. మైకు వేశాను.

"మా గోడౌను ఖాళీ అయ్యే తేదీ చూస్తున్నాను. నలభై అయిదు సరిపోతుంది. ఎప్పుడూ మీరు ముప్పై అని యాభైకి పంపుతారు. ఇలా నిజం చెప్తే నాకూ సుఖం."

మీటింగయ్యాక మేనేజరు కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "ఇకనుంచి ఆవిడతో నువ్వే మాట్లాడు. హోదా కూడా మారుద్దాం. కానీ వాళ్ళ పొద్దున మనకి సాయంత్రం. ఆరునుంచి ఏడున్నర. ఇంట్లో అడిగి చెప్పు," అన్నాడు.

ఆయన్నెవరూ ఎప్పుడూ ఇంట్లో అడిగి రమ్మని ఉండరు. "సోమవారంనుంచి చూస్తాను సార్," అన్నాను. కిందకి దిగి పెద్దక్కకి ఈ ఆదివారం సెలవని చెప్పాను. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఇంటికొచ్చి ఇద్దరి ఎదుటా చెప్పాను. "సోమవారంనుంచి ఏడున్నరదాకా నాకు ఆఫీసులో మీటింగులు. రాత్రి వంట నేను చెయ్యలేను."

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్తయ్య ఫ్యాను వైపు చూసింది. పొద్దున్నే కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టెళ్తాను, మీరు వేడిచేసుకుంటే చాలు - మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అదెప్పుడు తయారైందో నాకే తెలీదు. మింగేశాను. ఇక్కడ లెక్క ఇరవై దాటింది.

"కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ రావాలి?" అన్నాడు ఆయన చివరికి, ఎవరివైపూ చూడకుండా.

"మూడు," అంది అత్తయ్య. "సోమవారందాకా ఎందుకురా, ఇవాళే మొదలుపెట్టు. నేను చెప్తుంటాను, నువ్వు చెయ్యి. నాకూ ఎవరికైనా చెప్పి చేయించుకోవాలని ఎన్నాళ్ళనుంచో ఉంది."

గంటన్నర పట్టింది. గిన్నెలు చాలా చప్పుడు చేశాయి. నేను హాల్లో కూర్చుని సోమవారం అడగాల్సినవి రాసుకున్నాను. ఆయన నా కంచంలో వడ్డించి, పక్కనే నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"అడుగంటింది," అన్నాను. "రేపు మంట తగ్గించండి."