లాస్మి చేతి రంగు

ఎనిమిది పాళ్లు పసుపు కలపగానే తెర మీది మొహం బతికింది. తుకిరన్ దాన్ని భద్రపరిచాడు. పొద్దున్నుంచి అది పదిహేడోది.

ఇండోనేషియాలోని పెకలోంగన్‌లో బాతిక్ బట్టల కంపెనీ అది. పాత క్యాటలాగుల్లోని బొమ్మలన్నీ వెబ్‌సైట్‌కి ఎక్కాలి. కాగితం మీది సిరాలకని కట్టిన రంగుల్ని తెర వెలుగుకి మార్చడం తుకిరన్ పని. మార్చేది కంప్యూటరే, కానీ దానికో సంగతి తెలియదు. కంపెనీ పాత అచ్చుయంత్రం పసుపు ఎక్కువ కక్కేది. అందుకని ఇరవయ్యేళ్లపాటు ప్రతి బొమ్మలోనూ తుకిరన్ ముందే పసుపు తగ్గించి పెట్టేవాడు. యంత్రం తుక్కుకి పోయింది. తగ్గించిన పసుపు మాత్రం ఫైళ్లలో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు తెర మీదికొచ్చిన ప్రతి మనిషీ నీళ్లలో నానిన శవంలా నీలంగా తేలుతున్నాడు.

"ఏంటి బాపక్, ఇంకా దెయ్యాలకి పసుపు పూస్తున్నారా?" అంది పక్క సీటులోని రెట్నో. వెబ్‌సైట్ చూసేది ఆమే. తుకిరన్‌ని ఆఫీసులో అందరూ బాపక్ అనే, అంటే పెద్దాయనా అనే పిలుస్తారు. "నాలుగింటికి అన్నీ ఎక్కించెయ్యాలి. ఆ సోగా బట్టావిడ ఒక్కతే మిగిలింది. వారం నుంచీ ఆవిణ్ణి తప్పించుకు తిరుగుతున్నారు."

"టీ తాగొచ్చి చేస్తాను."

"కదలకండి, నేనే తెస్తాను. మీ మొహమూ ఏం బాలేదు."

తుకిరన్ ఎడమ భుజం రుద్దుకున్నాడు. పొద్దున పనస తురుము కలిపిన మెగోనో అన్నం కూడా సయించలేదు. ఇక తప్పదని ఆ బొమ్మ తెరిచాడు.

లాస్మి, అతని భార్య. పెళ్లయిన అయిదో ఏడు, రావలసిన మోడల్ రాకపోతే ముదురు గోధుమరంగు సోగా బట్ట కట్టి ఆమెను నిలబెట్టారు. నీలి పెదాలు, నీలి చెంపలు. మూడేళ్ల కింద ఆస్పత్రి మంచం మీద పోయినప్పుడు ఆమె సరిగ్గా ఇలాగే ఉంది.

ఎనిమిది పాళ్లు కలిపాడు. ప్రాణం వచ్చింది గానీ, వచ్చింది లాస్మి కాదు. "ఆవిణ్ణి కాస్త తెల్లగా చెయ్యవయ్యా, సరుకు అమ్ముడుపోవాలి," అన్నాడు అప్పట్లో యజమాని. తుకిరన్ నోరెత్తకుండా చేసిపెట్టాడు. క్యాటలాగు ఇంటికి తెస్తే లాస్మి చాలాసేపు చూసింది.

"బాగుంది. ఎవరీవిడ? నాకు సవతా?"

నవ్వుతూనే అంది. మళ్లీ ఎప్పుడూ ఫొటోకి నిలబడలేదు. పెళ్లి ఫొటోలు సముద్రపు పోటు ఇంట్లోకి వచ్చినప్పుడు బురదలో కలిసిపోయాయి. ఇక లోకంలో మిగిలిన లాస్మి ఇదొక్కటే, ఇదీ అబద్ధమే. ఆ సిగ్గు అతన్ని ఇన్నేళ్లూ వదల్లేదు.

సొరుగులో ఇన్నేళ్లూ దాచుకున్న ఆ సోగా బట్ట తీశాడు. ఫొటో తీసిన రోజున లాస్మి దాని మీద చెయ్యి ఆనించి, "ఇదిగో, చెయ్యేదో బట్టేదో చెప్పండి చూద్దాం!" అని మురిసిపోయింది. కిటికీ వెలుగులో బట్టను తెర అంచుకి పట్టుకుని, బొమ్మలో మొహం, చేతుల రంగు ముదురు చెయ్యడం మొదలుపెట్టాడు. కాస్త ఎరుపు, ఇంకాస్త నలుపు. చొక్కా చెమటకి తడిసిపోతోంది. చెయ్యి బట్టలో కలిసిపోయేదాకా ఆపలేదు.

"వచ్చావా," అన్నాడు మెల్లగా, ఫైలు భద్రపరుస్తూ.

రెట్నో టీ తెచ్చేసరికి తెర నిండా ఓ నల్లటావిడ నవ్వుతోంది.

"అబ్బ, ఎంత కళగా ఉంది! ఎవరు బాపక్ ఈవిడ?"

తుకిరన్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. రెట్నో ఇంకోసారి పిలిచింది. భుజం పట్టి కదిపితే ఊపిరి లేదు. కెవ్వుమంది.

అందరూ కలిసి అతన్ని మోసుకెళ్లాక ఆమె ఏడుస్తూనే వచ్చి కూర్చుని, ఆ బొమ్మను ఉన్నదున్నట్టుగా వెబ్‌సైట్‌కి ఎక్కించింది. బల్ల మీది సోగా బట్టకి, అతను పట్టుకున్న చోట, చెమట తడి ఇంకా ఆరలేదు.