సిమెంటులో కుర్చీ

మార్చి పదకొండో తారీఖు. సెలూనాయన ఆ మధ్యాహ్నం తిన్నది ఒక బన్ను, సగం అరటిపండు. మిగతా సగం నోట్లో పెట్టుకోబోతుంటే గుమ్మంలోకి పైవాటాలో కాపురముండే కొత్త ఓనరు వచ్చి నిలబడ్డాడు.

"గది కొన్నాను పెద్దాయనా. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

అద్దెగది ఏనాటికైనా పోయేదే. ఆయన మనసు చిక్కబట్టుకున్నాడు. "అలాగే బాబూ. నా అద్దం, కుర్చీ పట్టుకుపోతా."

"అద్దం పట్టుకుపోండి. కుర్చీ కుదరదు. నేలలో పాతినవన్నీ గదితోపాటు నావే. కిటికీ ఎలాగో అదీ అలాగే."

"కొన్నది నేను కదా బాబూ!"

"మరి పాతిందెవరు?"

ఆయన కుర్చీ అడుగునున్న సిమెంటు కేసి చూశాడు. ముచ్చటపడి కొనుక్కున్న ఇనుప కుర్చీ అది. గడ్డం గీసేటప్పుడు ఊగకూడదని, దొంగలెత్తుకుపోకూడదని, తాపీమేస్త్రీ అయిన బావమరిది చేత జానెడు లోతున సిమెంటు పోయించాడు. తనదని గట్టిచేసుకుందామని పరాయి నేలకి అంటగట్టాడు.

"ఉండాలనుంటే ఇక్కడే పనిలో ఉండండి, రేపట్నుంచి జీతమిస్తాను," అన్నాడు ఓనరు. మంచిగానే అన్నాడు, సెలూనాయనకి అదే ఇంకా మండింది. కానీ మండిన కడుపే నిండాలి కూడా. ఆయన తలూపాడు.

కబురు తెలిసి సాయంత్రం బావమరిది సమ్మెట భుజాన వేసుకుని ఊడిపడ్డాడు.

"అంత గట్టిగా ఎందుకు పాతి చచ్చావురా?"

"బాగుంది! ఆ రోజు శభాష్ అని వీపు తట్టింది నువ్వు కాదా బావా?"

"తట్టిన చెయ్యి విరిగిపోను!"

"తప్పుకో. ఒక్క దెబ్బకి ముక్కలు చేస్తా. నీకు దక్కనిది వాడికెందుకు?" సమ్మెట పైకి లేచింది.

సెలూనాయన చప్పున అడ్డం వచ్చాడు. "ఒరేయ్! అది ఏం పాపం చేసిందిరా? దించు... దించి కూర్చో. నీ జుట్టు పిచ్చుకగూడులా ఉంది."

"డబ్బులివ్వను."

"ఇవ్వకు. ఇవాళ్టికింకా నా ఇష్టమే. రేపట్నుంచి ఎవడికి ఊరికే చెయ్యాలన్నా ఆయన్ని అడగాలి."

బావమరిది సమ్మెట మూలన పెట్టి కూర్చున్నాడు. కత్తెర ఎప్పటికంటే నెమ్మదిగా ఆడింది. వాడు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఆ మాత్రం దయ వాడిలో ఉంది.

వాడు వెళ్లాక ఆయన వెంట్రుకలు ఊడ్చి, కుర్చీ చేతులు తుడిచి, దీపం ఆర్పాడు. పైన ఓనరు పసిపాప ఏడుపు అప్పుడే సద్దుమణిగింది. ఆయన బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.