బెంగుళూరు గరిక

"ఈ నెల గూడా ఎట్లనో సర్దు రమణీ" అన్నాడు మొగుడు నాగరాజు, సాక్సుల జత వెతుక్కుంటూ. రమణి అప్పుడు పొద్దుటి టిఫినుకు, ఉగ్గాని చేయను నానబెట్టిన బొరుగుల్ని పిండుతోంది. పాల ధర పెరిగింది, గ్యాసు పెరిగింది, ఆయన కారు కంతు మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టి తీరాలి. "మా కోడలు సర్దితే సున్నాలోనుంచి గూడా నూరు తీస్తాది" అని అత్త మహాదేవి హాల్లోంచి మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఖరీదు రమణి ఎడమ దవడకు తెలుసు. పుచ్చిన పన్నుకు క్యాప్ వేయించుకోమని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఏ నెలకానెల సర్దుబాటులో మొదట ఎగిరిపోయేది ఆ పన్నే. అందుకని కుడివైపే నమలడం అలవాటు చేసుకుంది.

రమణి నగరపాలక సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరు. ఊరి బయట రాళ్ళబీట్లో సంస్థ కట్టిస్తున్న గోల్ఫ్ మైదానం ఆమె మెడకు చుట్టుకుంది. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊరికి గోల్ఫ్ ఏమిటని అడిగినవాళ్ళు లేరు. పైపులూ సిమెంటూ డీజిలూ పోటీలు పడి ధర పెరుగుతుంటే, మంజూరైన డబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది. "ఈ పని మగోళ్ళకు గాకుండా మీకే ఎందుకిచ్చినాననుకున్నారు? ఇల్లు సర్దే చెయ్యి గదా మీది" అని పైఅధికారి వీరభద్రప్ప మీటింగులో అందరినీ నవ్వించాడు. రమణి కూడా నవ్వింది. నవ్వకపోతే మేడమ్‌కు తలపొగరంటారు.

ఇవన్నీ చాలవన్నట్టు ఈ వారం గడ్డి గోల. బెంగుళూరు నుంచి తడిగోనెల్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు లారీల్లో తెచ్చారు. పేరు బెర్ముడా. నాటి నీళ్ళు పెడితే పచ్చగా పాకింది. ఇంతలో కమిషనర్ చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, రమణి పైపుల కోసం డోన్ వెళ్ళిన రోజున, వీరభద్రప్ప కూలి ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, "కలుపు ఒక్క పోచ కనబడినా ఊరుకునేది లేదు" అన్నాడు. వాళ్ళంతా పడమటి పల్లెల వాళ్ళు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేలల్లో గరికతో కొట్లాడినవాళ్ళు. ఎండలో నడుం వంచి, వేరు తెగకుండా, మైదానమంతా పీకేశారు. మళ్ళీ నాటుకోకుండా రాళ్ళమీద ఆరబోశారు కూడా. బెర్ముడా అంటే మన గరికే మరి.

రమణి డోన్ నుంచి తిరిగొచ్చేసరికి వీరభద్రప్ప వాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. జట్టు పెద్ద సుంకులమ్మ కొంగు నడుముకు దోపుకుని నిదానంగా విన్నది. "గరిక్కంటే కలుపు ఇంగేముంటాది సార్? దుడ్లు పెట్టి గరిక నాటించే సేద్యం మేము యాడా సూడలే" అంది. రమణికి నవ్వొచ్చింది, పన్ను సలిపింది, రెండూ దిగమింగింది.

సైటు పక్క రేకుల గదిలోకి పిలిచి వీరభద్రప్ప గొంతు తగ్గించాడు. "గడ్డి మళ్ళీ తెప్పించాల. ఖర్చు పెరిగిందని పైకి తెలిస్తే నా మీదికొస్తాది. ఆ ఆడోళ్ళ కూలి నిలిపేసి, కొత్త అంచనాలో సర్దేయండి."

"క్లబ్బు వాకిట్లో కట్టాల్సిన జలపాతం ఉండాది గద సార్. అది తీసేస్తే..."

"అది పెద్దమనుషులు అడిగింది. దాన్ని ముట్టుకోవద్దు."

బయటికొస్తే సుంకులమ్మ ఎదురైంది. "శనివారం కూలిస్తారా మేడమ్? ఆయప్ప మొగం సూస్తే అనుమానంగా ఉండాది."

"ఇస్తారు" అంది రమణి. అని, తన మాటకు తనకే భయమేసింది.

కంప్యూటరు ముందు కూర్చుంటే చేతికి పని కొత్త కాదు. ఎక్కడ కోస్తే ఎవరూ అరవరో దానికి తెలుసు. కారు అరుస్తుంది, జలపాతం అరుస్తుంది. పన్ను అరవదు, అరిచినా దవడ లోపలే. ఇన్నేళ్ళూ దీన్ని నేర్పనుకుని మురిసింది కదా తను! సర్దడమంటే ఏముంది, నోరులేనివాళ్ళ ముందరిది తీసి నోరున్నవాళ్ళ విస్తట్లో వేయడం. ఇంట్లో ఆ నోరులేని మనిషి తనే కాబట్టి దాన్ని మంచి గుణమన్నారు. సుంకులమ్మకు చేస్తే దొంగతనమవుతుంది. మరి తనకు చేసింది మాత్రం ఏమిటి? ఆ మాట తోచగానే రమణికి ఒళ్ళు మండిపోయింది.

కూలి కూలిగానే ఉంచింది. జలపాతం తీసేసి, ఆ డబ్బు కొత్త గడ్డికి వేసింది. కారణం రాయాల్సిన చోట, 'కలుపు తీత అధికారి ఆదేశం మేరకే జరిగినది' అని రాసి సంతకం పెట్టి, తీసుకెళ్ళి బల్లమీద పెట్టింది.

వీరభద్రప్ప చదివి కళ్ళజోడు తీశాడు. "పెద్దమనుషులకు నేనేం చెప్పాలమ్మా?"

"సర్దుకోమనండి సార్. లేదంటే కూలి ఆపమని మీరే రాసి, మీరే సంతకం పెట్టండి."

అలాంటి కాగితం మీద సంతకం పెట్టే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. దానికి కిందివాళ్ళున్నారు. రమణి అంచనాలో మొత్తం ఖర్చు పెరగలేదు, ముందు సంతకం గూడా ఆమెదే. సణుక్కుంటూ దాని కిందే తన సంతకం గీకాడు. శనివారం సుంకులమ్మ జట్టుకు కూలి ముట్టింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని నాగరాజు అన్నాడు, "కారు టైర్లు మార్పించాల రమణీ. ఎట్లనో సర్దు."

"ఎవరి దాంట్లోనుంచి?"

అతని చేతిలో ముద్ద ఆగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "అదేం మాట?" అన్నాడు.

"రేపు పన్నుకు క్యాప్ వేయించుకోను పోతాండా. టైర్ల సంగతి మీరే సర్దండి" అంది రమణి. అన్నంలో మజ్జిగ పోసుకుంటూ అత్తవైపు తిరిగింది. "అత్తమ్మా, సున్నాలోనుంచి నూరు తీసేది ఎట్లనో, మీ కొడుక్కు గూడా నేర్పండి."