తేనె పోసే వేళ

"మీ పాపకు కూడా వస్తాదా ఈ తేనెగడ్డలు చేసేది?"

నంద్యాల నుంచి వచ్చిన కమలాక్షమ్మ ఆ మాట అడిగినప్పుడు రామేశ్వరమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని తలుపు చాటున నిలబడి ఉంది. జవాబు ఆమె అత్త ఆదిలక్ష్మమ్మ చెప్పింది.

"ఎందుకు రాదు? తల్లి చెయ్యే పిల్లది. మళ్లొచ్చినప్పుడు పాపే చేసి పెడతాది, తిని చూడండి."

ఆ మాటతో రామేశ్వరమ్మ కూతురు పద్మ పెళ్లి సగం కుదిరిపోయింది. కమలాక్షమ్మ భర్త రంగయ్యకు నంద్యాలలో పత్తి వ్యాపారం, ఒక్కడే కొడుకు. ఆళ్లగడ్డలో నీళ్లు పారే నాలుగెకరాల పొలమున్న పద్మ తండ్రి శేషయ్యకు ఇంతకన్నా మంచి సంబంధం రాదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఇంటిల్లిపాదీ అంటే శేషయ్య, ఆయన తల్లి. పద్మకు పద్నాలుగేళ్లు. థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి పరీక్షలు దగ్గరికొస్తున్నాయని వసారాలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. వైశాఖంలో తనకు పెళ్లని ఆ పిల్లకు ఇంకా తెలియదు.

తేనెగడ్డలు రామేశ్వరమ్మ పుట్టింటి వంట. రుద్రవరంలో వాళ్లమ్మ చేసేది. గెనుసుగడ్డలనే చిలగడదుంపలు, గుమ్మడి ముక్కలు, చిన్న ఉల్లిగడ్డలు నూనె, ఉప్పు పట్టించి ఇనుప మూకుట్లో పరిచి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చాలి. అంచులు ఎర్రబడ్డాక దించి, చెంచులు తెచ్చిన అడవి తేనె, మిరపకారం, నిమ్మరసం కలిపి పోయాలి. ఒక్కో ముక్క అద్దంలా మెరుస్తుంది. రామేశ్వరమ్మను చూడటానికి వచ్చిన రోజు మామ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడట. పిల్ల ముఖం వైపు సరిగ్గా చూడకుండానే "ఈ పిల్లే" అన్నాడట. ఆ సంగతి ఈ ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అదే మాట: "సుట్టాలొస్తాండారు, గడ్డలు కాల్చు." ఎండాకాలమైనా సరే, కింద మంట, పైన నిప్పులు. మూత తీసి పెట్టి, తీసి పెట్టి ముంజేతుల మీద మచ్చలు తేలాయి. తిన్నవాళ్లు "నీ అదృష్టమప్పా" అని శేషయ్యను మెచ్చుకునేవాళ్లు. ఆ గడ్డలు తానే కాల్చినట్టు ఆయన మీసం దువ్వుకునేవాడు. మగవాళ్లు తిని, పిల్లలు తిని, అత్త తిన్నాక మూకుడు అడుగున అంటుకున్నది ఆమె వంతు. ఒకసారి జ్వరంతో లేవలేకపోతే అత్త గడప దగ్గర నిలబడి, "జ్వరం ఒంటికి గదా వచ్చింది, చేతికి గాదు గదా" అంది. ఇంకోసారి మూకుడు కాలేలోపు రామేశ్వరమ్మ కూతురి వాచకం తీసి ఒక పద్యం చదువుకుంటుంటే శేషయ్య చూశాడు. "పొయ్యి కాడ పుస్తకమేందీ? పప్పు మాడితే పద్యాలు తింటామా?" అన్నాడు. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. ఆ పద్యం ఆమెకు అర్థమైంది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక పుస్తకం మూసేసింది.

కమలాక్షమ్మ వాళ్లు వెళ్లిపోయాక భర్తకు మంచినీళ్లు ఇస్తూ, "పాపను చదవనిద్దాం. బాగా చదువుతాండాది" అంది.

"చదివి ఏం చేస్తాది? నువ్వు చదివింటే ఈ గడ్డలు ఇంత బాగా చేసేదానివా?"

ఆయన కోపంతో అనలేదు. మెచ్చుకోలుగానే అన్నాడు. నవ్వాడు కూడా. తిట్టి ఉంటే ఆమె ఏడ్చేది. ఈ ఇంట్లో తనను మెచ్చుకునే మాట ఒక్కటే ఉంది. అదే మాటతో రేపు నంద్యాలలో పద్మను మెచ్చుకుంటారు. పద్మ మూత తీసి పెడుతుంది, చేతులు కాల్చుకుంటుంది, మూకుడు గీక్కుంటుంది. ఆమెకొక ఆడపిల్ల పుడితే ఆ పిల్లకూ ఇదే వంట నేర్పుతుంది.

రంగయ్య వాళ్లు మళ్లీ వస్తామన్న రోజుకు ముందురోజు, అత్త పద్మను వంటింట్లోకి తోసింది. "నేర్పు. రేపు నువ్వు చెయ్యి పెట్టొద్దు. అంతా పాపే చేయాల."

తేనె కొంచెమే ఉంది, అది రేపటికే సరిపోవాలి. అందుకని రామేశ్వరమ్మ నోటితోనే చెప్పింది. ముక్కలు ఎంత మందం కోయాలో, నూనె ఎంత పట్టించాలో, నిప్పులు ఎట్లా పరచాలో అన్నీ సరిగ్గానే చెప్పింది. పద్మ బుద్ధిగా విని, పాఠంలా తిరిగి అప్పగించింది. చివరికి అడిగింది.

"తేనె ఎప్పుడు పోయాలమ్మా?"

రామేశ్వరమ్మకు వాళ్లమ్మ గొంతు వినిపించింది. తేనెకు మంట తగలగూడదు, దించినాక ఆ వేడికే పోయాల. వేలితో మూకుడు అంచు తడిమింది.

"ముందే పోయాల. ముక్కలు పరచంగానే పోసి మూత పెట్టు. లోపలికి దిగాల గదా. మధ్యలో మూత తీయగాకు."

మర్నాడు వసారాలో రంగయ్య వాళ్లతో మాటలు సాగుతుండగా వంటింట్లో మాడు వాసన మొదలైంది. పద్మ కళ్లల్లో నీళ్లు. "అమ్మా, మాడుతాండాది! దించనా?"

అప్పుడే దించి ఉంటే పైముక్కలైనా దక్కేవి. రామేశ్వరమ్మ కూతురి ముఖం చూసింది. ఆ ముఖం చూస్తూ ఆ మాట అనడం ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని.

"అట్లనే ఉంటాది. ఇంకొంచెంసేపు ఉండనీ."

కమలాక్షమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. మిగతావి విస్తరి అంచుకు జరిపింది. రంగయ్య నీళ్లు తాగాడు. "పాపకు ఇంకా చెయ్యి తిరగలేదులే" అందామె మర్యాదగా. పద్మ వడ్డించే గరిటె పట్టుకుని అందరి మధ్య అట్లాగే నిలబడిపోయింది. వారం తిరక్కుండా వేరే సంబంధం చూసుకున్నామని కబురొచ్చింది.

"కూతురికి ఇంత నేర్పలేకపోతివే, నువ్వేం ఆడదానివే?" అని శేషయ్య అరిచాడు.

"బడి మాన్పించి పొయ్యి కాడ కూచోబెట్టు" అంది అత్త.

"దినమూ నేర్పుతా అత్తా, బడి నుంచి వచ్చినాక. చెయ్యి కుదరాలంటే శానా నాళ్లు పడతాది" అంది రామేశ్వరమ్మ నెమ్మదిగా.

శేషయ్య విసుక్కున్నాడు. "ఈ మాట నంద్యాలంతా పాకింటాది. ఇప్పట్లో ఎవరొస్తారు? ఇంట్లో కూచుని మాత్రం ఏం చేస్తాది, బడికే పోనీ."

ఆ సాయంత్రం పెరట్లో పద్మ తల్లితో మాట్లాడకుండా బట్టలు మడతపెడుతోంది. కబురొచ్చినప్పటి నుంచి అంతే. ఉన్నట్టుండి తల ఎత్తకుండానే అంది.

"నువ్వు చేసేటప్పుడు నేను చూసినా, ఆ పొద్దు గ్యాపకం రాలేదు. నువ్వు దించినాకే పోస్తావు."

రామేశ్వరమ్మ తనూ మడతపెట్టడానికి ఒక చీర అందుకుంది.

"ముందే పోస్తే మాడిపోతాదని నీకు తెలుసు."

"తెలుసు."

"అందరి ముందర నాకు తలకొట్టేసినట్టాయె. నీకు అది కూడా తెలుసా?"

"తెలుసు పాపా."

పద్మ చేతిలో లంగా మడత విడిపోయింది. మళ్లీ మొదటి నుంచి మడతపెట్టింది. ఏడవలేదు. తల్లిని క్షమించినట్టూ లేదు. మడతపెట్టిన లంగా పక్కన పెట్టి అడిగింది.

"మరి నాకు సరిగ్గా ఎప్పుడు నేర్పుతావు?"

లోపల్నుంచి అత్త పిలుస్తోంది, పొయ్యి రాజెయ్యమని. రామేశ్వరమ్మ లేచింది.

"నీ ఎస్సెల్సీ అయినాక," అంది. "అంతవరకూ మాడతానే ఉంటాది."