మంచు పడని పదకొండు చోట్లు

రబ్బరు పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, బేస్‌బాల్ ఆడిన రోజుల్లో మూడో బేసు ఉండిన చోట డెల్బర్ట్ నీళ్ళు చల్లుతున్నాడు. ఆదివారం పొద్దున ఆరున్నర. మైదానమంతా మంచు కురిసి గడ్డి తెల్లగా మెరుస్తోంది. పదకొండు చోట్ల మాత్రం మంచు లేదు. ఒక్కొక్కటీ అన్నం కంచమంత మేర. అక్కడ గడ్డి పండిపోయి, నేల పొడిపొడిగా ఉంది. ఎన్ని నీళ్ళు పోసినా తాగేసి, అతను పది అడుగులు వేసేలోగా మళ్ళీ ఎండిపోతుంది. రెండేళ్ళుగా ఇదే వరస.

అతనికి డెబ్బై ఒక్క ఏళ్ళు. మెడ వెనక చర్మం ఎండకు కాలి, నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా ఉంటుంది. నడుం ఎడమవైపుకు ఒరిగింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ మైదానం బాగోగులు చూసేది అతనే; ఆ ఎర్రమట్టి గోళ్ళలో చేరి, ఎంత తోమినా పోదు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరి పెళ్ళిలోనూ చిందెయ్యలేదు. ఇంత చిన్న ఊరు మా పింక్లీ, అమెరికాలో ఇండియానా మొక్కజొన్న చేల మధ్య ఇరుక్కున్న ఊరు, ఇక్కడ కూడా అతని ఇంటిపేరు తెలిసినవాళ్ళు లేరంటే చూడండి.

ఈ మైదానం ఒకప్పుడు మా ఊరి బేస్‌బాల్ జట్టుది. ఆ జట్టు ఆఖరి ఏడాది ఆటకి రెండొందలమంది వస్తే గొప్ప, వాళ్ళలో సగంమంది కునికిపాట్లే. శుక్రవారమైతే హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్‌కి, చలికాలం బాస్కెట్‌బాల్‌కి ఊరు కదిలేదిగానీ, ఇటు తొంగిచూసేవాళ్ళు లేకపోయారు. చివరికి జట్టు ఎత్తేశారు. అప్పుడు కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే హోండురాస్‌వాళ్ళూ, మెక్సికోవాళ్ళూ సాకర్, అదే బంతిని కాలితో తన్నే ఆట, దానికి జట్టు పెట్టారు. మొదటి ఆటకే మూడు వేలమంది! టీవీ ముందునుంచి లేవని మా బావమరిది కూడా మెడలో కండువా వేసుకుని పోయాడు, ఇక ఏం చెప్పను.

ఆ పదకొండు చోట్ల సంగతీ మొత్తంగా డెల్బర్ట్ ఒక్కడికే తెలుసు. మా వైపు బేస్‌బాల్ పిచ్చివాళ్ళు కొందరు, పోయాక తమ బూడిద మైదానంలో కలపమంటారు. పార్కువాళ్ళు ఒప్పుకోరు. అందుకని ఇంటివాళ్ళు పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి డెల్బర్ట్‌ను బతిమాలుకునేవారు. “చెంచాడంటే చెంచాడే” అని లోపలికి వదిలి, అటు తిరిగి గడ్డికి నీళ్ళు పెట్టుకునేవాడు. అటు తిరగడమే అతను చేసిన తప్పు. వాళ్ళు డబ్బాలకు డబ్బాలు గుమ్మరించి పోయారు. “నేనుండగా ఇక్కడ పార దిగదు” అని పదకొండు ఇళ్ళవాళ్ళకూ మాటిచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి జన్మలో ఇచ్చిన మాట అదొక్కటే.

బూడిద ఎక్కువైతే గడ్డి చస్తుంది, సరే. మరి మంచు ఎందుకు పడదు? దొర్లుతూ వచ్చిన బంతి అక్కడ ఎందుకు ఆగుతుంది? విల్మర్ అనే ఆటగాడు ఆ చోట్లు దాటేటప్పుడల్లా ఎవరో కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు “కాస్త దారివ్వండి” అని గొణుగుతాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. డెల్బర్ట్ కూడా ఈ సంగతులు తవ్వుకోలేదు. ఒక్కోసారి పొద్దున నీళ్ళు చల్లుతుంటే వెనకనుంచి గుక్క గుక్కగా మింగుతున్న చప్పుడు వినబడేది. తిరిగి చూసేవాడు కాదు.

ఆట సాయంత్రం నాలుగింటికి. తొమ్మిదింటికి, సాకర్ పోటీలు నడిపే లీగ్ పంపిన మనిషి మైదానం చూడ్డానికి వచ్చాడు. వెంట క్లబ్బు నడిపే యెసేనియా, నలభై ఏళ్ళ గట్టి మనిషి. లీగ్ మనిషి బంతిని మెల్లగా తన్నాడు. చక్కగా దొర్లి, మైదానం మధ్య ఠక్కున నిలబడింది. మళ్ళీ తన్నాడు. అక్కడే. మట్టం కట్టె పెట్టి చూశాడు, నేల అద్దంలా ఉంది. మూడోసారి బంతి ఆగడమే కాదు, జానెడు వెనక్కి వచ్చింది.

అతని మొహం పాలిపోయింది. “ఇందులో ఇవాళ ఆట కుదరదమ్మా. వచ్చే వారం మిషన్ పెట్టి అడుగు లోతు మట్టి ఎత్తి పారేయించండి. ప్లాస్టిక్ గడ్డి పరుచుకోండి. హాయి.”

డెల్బర్ట్ పైపు కింద పడేసి అడ్డమొచ్చాడు. “మట్టి ఎత్తడానికి వీల్లేదు.”

“నువ్వెవరయ్యా చెప్పడానికి?”

“ఉండండి సార్, రెండు నిమిషాలు,” అని యెసేనియా అతన్ని పంపించి, డెల్బర్ట్ వైపు తిరిగింది. “డోన్ డెల్బర్ట్,” అంది, స్పానిష్‌లో పెద్దవాళ్ళను పిలిచే మర్యాదతో, “నాతో చెప్పండి. ఏం దాస్తున్నారు?”

అతను ఆమెను మైదానం మధ్యకు తీసుకెళ్ళాడు. ఒక్కో చోటూ వేలితో చూపిస్తూ బూడిద సంగతీ, పదకొండు పేర్లూ చెప్పాడు. ఫలానా చోట మంగలి ఆర్విల్, ఫలానా చోట చర్చిలో పియానో వాయించే లుయెల్లా.

యెసేనియా శిలువ గుర్తు వేసుకుంది. “దేవుడా! చచ్చిపోయినవాళ్ళ మీద ఆడిస్తున్నారా మమ్మల్ని? మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానిస్తుందా?”

“వాళ్ళేం చెయ్యరమ్మాయ్. ఆట చూడ్డానికొచ్చారంతే.”

“మరి మా ఆట చూస్తారా వాళ్ళు?”

“చేతులు వాడని ఆట ఏం ఆటని తిట్టుకుంటుంటారు,” అన్నాడు డెల్బర్ట్ సీరియస్‌గా. ఆమెకు నవ్వొచ్చింది, భయం మాత్రం పోలేదు.

అతనే ఉపాయం చెప్పాడు. గీతలన్నీ చెరిపి, ఆడే చోటును, అదే పిచ్‌ను, వెనక ఖాళీలోకి జరిపితే లీగ్ ఒప్పుకునే కనీస కొలత సరిగ్గా పడుతుంది. పదకొండు చోట్లూ బయటే ఉండిపోతాయి. “కాకపోతే కుర్చీలు దూరమైపోతాయి. జనం నిలబడాలి.”

“మావాళ్ళు ఎప్పుడు కూర్చున్నారు గనక! కుర్చీలిస్తే వాటి మీదెక్కి గంతులేస్తారు. లీగాయన్ను మూడింటికి మళ్ళీ రమ్మంటా. కానీ అప్పటికల్లా అయ్యే పనా ఇది? మనుషుల్ని పిలుస్తా, ఆగండి.”

“ఎవరూ వద్దు. తాడు పట్టి గీత గీయడం నాకు తెలుసు. కొత్తవాళ్ళొస్తే వంకర పోతుంది.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. మేకులు దిగ్గొట్టి, తాడు లాగి, పాత గీతలకు ఆకుపచ్చ రంగు కొట్టి, సున్నపు బండి నెట్టుకుంటూ కొత్త గీతలు గీశాడు. ఎండ నడినెత్తికెక్కింది. యెసేనియా రెండుసార్లు నీళ్ళిచ్చింది, మూడోసారి తిట్టింది. ఎడమ చెయ్యి లాగుతోందని అతను చెప్పలేదు. మూడింటికి లీగ్ మనిషి కొత్త పిచ్ మీద బంతి తన్నాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఆగకుండా పోయింది. కాగితం మీద సంతకం పెట్టి, పాత మైదానం వైపు చూడకుండానే కారెక్కాడు.

నాలుగు వేలమంది వచ్చారు. డప్పులూ, కండువాలూ, కాల్చిన మొక్కజొన్న వాసన. అందరూ వెనక గట్టు మీద గుంపుగా నిలబడ్డారు. యెసేనియా డెల్బర్ట్‌ను కూడా రమ్మంది. “నాకు కూర్చుని చూడ్డం అలవాటు,” అంటూ అతను దూరంగా, ఖాళీగా ఉన్న పాత కుర్చీల వరసలోకి వెళ్ళాడు. ఆ కుర్చీలు మనిషి లేస్తే వాటంతటవే మడుచుకుంటాయి. అతను కూర్చున్నది ఒక్కటే దిగి ఉంది, మిగతావన్నీ మడిచి ఉన్నాయి. గట్టు మీదనుంచి ఆమె అది స్పష్టంగా చూసింది.

నలభయ్యో నిమిషంలో విల్మర్ గోలు కొట్టాడు. నాలుగు వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. యెసేనియా సంతోషం పట్టలేక కుర్చీల వైపు తిరిగి చెయ్యి ఊపింది. డెల్బర్ట్ ఊపలేదు. తల కాస్త పక్కకు వాలింది. అతనికి అటూ ఇటూ కుర్చీలు దిగి ఉన్నాయి. ఒకటి కాదు, వరసగా. ఆమె పరుగెత్తింది. చేరేలోగా ఒకదాని వెంట ఒకటి తప్ తప్‌మని మడుచుకున్నాయి, ఆట అయిపోయి జనం లేచిపోతున్నట్టు.

చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. “అయ్యో పెద్దాయనా, నే చెప్తే విన్నావా,” అని గట్టిగా ఏడ్చింది. అటు గట్టు మీద డప్పులు మోగుతూనే ఉన్నాయి.

అతని ఒళ్ళో బేస్‌బాల్ చూసేవాళ్ళు స్కోరు రాసుకునే గళ్ళ అట్ట ఒకటుంది. ఐదు నిమిషాలకొక గడి చొప్పున, గోలు పడకపోతే సున్నా చుడుతూ, ఈ ఆటకూ రాస్తూ కూర్చున్నట్టున్నాడు. పెన్సిలుతో ఒత్తి ఒత్తి చుట్టిన ఏడు సున్నాలు, పక్క గడిలో సగం దాకా వచ్చి ఆగిపోయిన ఇంకొకటి.