జానెడు ఇసుక

చీర అంచుకు లేసు అంటిస్తూనే జమున పొయ్యి మీది చాయ్‌ను ఓ కంట కనిపెడుతోంది. సూరత్ పర్వత్ పాటియాలోని ఆ ఒక్క గదిలో నలుగురైదుగురు మగవాళ్లు మాస్కులు గడ్డం కిందికి లాక్కొని వాదించుకుంటున్నారు. అందరిదీ ఒకే ఊరు. అందరూ ఇక్కడి మగ్గాల మీద బతికేవాళ్లే. ఊరి పక్క పెద్దవాగుకు ఆనకట్ట కడతారట. రేపు పొద్దున ఫోన్‌లోనే గ్రామసభ. కరోనా వల్ల ఊరికి పోలేనివాళ్లు కూడా అందులో మాట్లాడవచ్చు. వీళ్ల తరఫున జమున భర్త లింగమూర్తి మాట్లాడాలని తేల్చారు.

"పొలాలు చెప్పాలె, బావులు చెప్పాలె, ఈతవనం చెప్పాలె," అన్నాడు లింగమూర్తి.

"ఈతవనం ముందుగాల చెప్పన్నా. కల్లు పోతదంటే ఊరంత లేస్తది," అన్నాడు ఆగయ్య. అందరూ నవ్వారు.

"వాగుల ఇసుక సంగతో?" అంది జమున పొయ్యి దగ్గర నుంచి.

"ఇసుకకేమైతది వదినె? నీళ్ల కింద సల్లగ పంటది," అన్నాడు ఆగయ్య.

"నువ్వు చాయ్ పొయ్యరాదే," అన్నాడు లింగమూర్తి.

పోసింది. ఊళ్లో ఉన్నప్పుడు జమునకు తొలి కాన్పు ఆడపిల్ల. పురుడు తీరకముందే పోయింది. పసిబిడ్డల్ని కాల్చరు, వాగు ఇసుకలో పెడతారు. తల్లి వెంట పోకూడదు, చోటు చూడకూడదు. గుర్తుగా ఒక రాయి కూడా పెట్టరు. "సూస్తే మల్ల కడుపు పండదు. ఆడివిల్లనే గద, మర్సిపో," అంది అత్త వజ్రమ్మ. పాలు మరిచిపోలేదు, రవికె తడుస్తూనే ఉంది. ఆ ఎండాకాలమే తాగే నీళ్లకు వాగులో చెలిమెలు తీయాల్సి వచ్చింది. మిగతా ఆడవాళ్లు గిన్నెలతో ఇసుక గబగబా ఎత్తిపోస్తుంటే జమున వేళ్లతో పిడికెడు పిడికెడు తీసేది. బిడ్డ ఎక్కడుందో తెలియదు కదా. గిన్నె అంచు తగిలితే? "దీనికి చేతులల్ల సత్తువ లేదు," అని అత్త వాడంతా చెప్పుకుంది. సూరత్ వచ్చాక ఒక్కందుకు ప్రాణం కుదుటపడింది. ఇక్కడ నీళ్లు నల్లాలో వస్తాయి, దేన్నీ తవ్వనక్కర్లేదు.

మగవాళ్లు వెళ్లిపోయాక అడిగింది.

"బిడ్డను యాడ పెట్టిన్రు?"

చొక్కా విప్పుతున్న లింగమూర్తి ఆగిపోయాడు. "గిప్పుడెందుకే అది?"

"నీళ్లొచ్చినంక అడుగుమంటవా?"

అతను గోడకు ఆనుకొని కూలబడ్డాడు.

"నాకు తెల్వదు. నాయిన ఎత్తుకపోయిండు. నేను వాగుల దిగలేకపోయిన. గట్టు మీదనే కూసున్న. తర్వాత అడుగుదమంటే నోరు రాలే."

ఆ నాయిన మొన్న కరోనాతో పోయాడు. కడసారి చూపుకు కూడా వీళ్లు పోలేకపోయారు. ఆ చోటు తెలిసిన మనిషి ఇక లోకంలో లేడు.

అతనికి తెలుసుననీ, తెలిసీ చెప్పడం లేదనీ ఇన్నేళ్లూ అనుకుంది. అతనూ తనలాగే తెలియకుండానే బతికాడు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరూ కలిసైనా ఏడ్చేవాళ్లు. జమున దగ్గరికి పోయి అతని తల నిమిరింది, క్షమించకుండానే.

పొద్దున సభలో లింగమూర్తి పొలాలు, బావులు, ఈతవనం చెప్పాడు. అన్నీ విన్న అధికారి, "వాగు ప్రభుత్వానిది. దాన్ని వదిలేసి ఇంకేమన్నా ఉంటే చెప్పండి," అన్నాడు.

లింగమూర్తి జమున వైపు చూశాడు. ఫోన్ ఇవ్వలేదు. ఆమే చేయి చాచి తీసుకుంది. అతను అడ్డుపడలేదు.

"నా పేరు జమున. నా బిడ్డను వాగు ఇసుకల పెట్టిన్రు సారు. యాడనో ఎవ్వలకు తెల్వదు."

"చోటు తెలియకపోతే ఏమని రాసుకోవాలమ్మా?" అన్నాడు అధికారి.

"వాగు మొత్తం రాసుకోండ్రి. యాడున్నదో తెలిస్తే అంత జాగనే అడుగుదును. తెల్వదు గనక జానెడు ఇసుక సుత ఇయ్యను."